గుర్రపుడెక్క పూలతో రంగుటద్దాల దీపం: నా అనుభవం

రంగుటద్దాలతో దీపం చేయాలనుకునేవారు ముందుగా అద్దం కోయడం, సోల్డరింగ్ చేయడం (లోహాన్ని కరిగించి ముక్కలను అతికించడం) నేర్చుకోవాలని తొందరపడతారు. ఆ రెండూ చేయి తిరిగేకొద్దీ వచ్చే పనులే. దీపం గట్టిగా నిలబడుతుందా, వెలిగించినప్పుడు చూడముచ్చటగా ఉంటుందా అన్నవి మాత్రం అంతకుముందు కాగితం మీద తేలిపోతాయి. నేను నర్సాపురం దగ్గరి ఒక ఊళ్ళో ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. తీరిక దొరికినప్పుడు గోడకు తగిలించే చిన్న చిన్న రంగుటద్దాల పలకలు చేస్తూ వచ్చాను; దీపం చేయడం ఇదే మొదటిసారి. అద్దం కోసి అతికించడానికి పట్టిన కాలం కన్నా బొమ్మ గీయడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది కాబట్టి, ఇక్కడ కూడా దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఏ బొమ్మ వేయాలన్నది మొదటి ప్రశ్న. నమూనాల పుస్తకాలు తిరగేస్తే తూనీగలు, ద్రాక్షగుత్తులు, గులాబీలు, విస్టీరియా తీగలు పదే పదే కనిపిస్తాయి. వీటిలో చాలా వాటికి మూలం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో లూయీ కంఫర్ట్ టిఫనీ సంస్థ తయారు చేసిన దీపాలే. పేరు ఆయనదే అయినా, ఆ దీపాలలో ఎన్నింటినో రూపొందించింది ఆ సంస్థలో అద్దాలు కోసే మహిళా విభాగానికి పెద్దగా ఉన్న క్లారా డ్రిస్కాల్ అని ఆమె ఇంటికి రాసుకున్న ఉత్తరాలు బయటపడ్డాక గాని లోకానికి తెలియలేదు. 2007లో న్యూయార్క్‌లో ఆ విషయం మీదే ఒక ప్రదర్శన జరిగింది. ఆమె రూపొందించిన విస్టీరియా దీపంలో సుమారు 2,000 అద్దం ముక్కలుంటాయి. అంత పని నా వల్ల అయ్యేది కాదు గాని, అందులోని ఊదా, నీలం రంగులు మాత్రం మనసులో ఉండిపోయాయి. అయితే విస్టీరియా పువ్వును నేను కళ్ళతో చూడలేదు, చూడని పువ్వును గీయడం నాకు ఇష్టం లేదు.

ఊదారంగు పువ్వు కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదని మా కాలువ గట్టు మీద నడుస్తుండగా తోచింది. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయలుదేరి పశ్చిమ డెల్టాకు నీళ్ళు తెచ్చే కాలువల్లో గుర్రపుడెక్క పట్టని కాలువ దాదాపు లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క నీటి పారుదలకు అడ్డం పడుతుంది, దోమలకు నీడనిస్తుంది, రైతు చేత తిట్లు తింటుంది. పువ్వు మాత్రం ఎంత అందంగా ఉంటుందో దగ్గరికి వెళ్ళి చూసేవారు తక్కువ. నా ఆలోచన చెప్పగానే మా అత్తయ్యగారు, "ఆ డెక్క పీకించడానికి కూలీలకు డబ్బులు పోస్తుంటే, నువ్వు దాన్ని తెచ్చి హాల్లో పెడతానంటావేంటమ్మాయ్!" అన్నారు. తామరపువ్వు వేయవచ్చు కదా అని కూడా అన్నారు. తామరను గుడి గోడల నుంచి క్యాలెండర్ల దాకా ఇంతమంది ఇన్ని విధాలుగా వేశాక నేను కొత్తగా చేర్చగలిగింది ఏమీ లేదని నా అభిప్రాయం.

ఒక మొక్కను వేళ్ళతో సహా బక్కెట్లో పెట్టి ఇంటికి తెచ్చాను. పువ్వు ఎక్కువసేపు నిలవదు కాబట్టి ముందు దాన్నే గీశాను. ఒక్కో కాడకు గుత్తిగా పూలుంటాయి. ఒక్కో పువ్వుకు లేత ఊదారంగు రేకులు ఆరు. వాటిలో పైన ఉండే రేకు కొంచెం వెడల్పుగా ఉండి, దాని మధ్యలో ముదురు నీలం మచ్చ, ఆ నీలం నడుమ పసుపు బొట్టు ఉంటాయి. ఆకులు గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంటాయి. ఆకు తొడిమ బుడగలా ఉబ్బి ఉంటుంది, మొక్క నీటి మీద తేలేది దానివల్లే. ఇంత వివరం అద్దంలోకి రాదు. పైరేకు మచ్చ, ఆకు గుండ్రన, తొడిమ ఉబ్బు, ఈ మూడూ ఉంటే మా ప్రాంతం వారెవరైనా మొక్కను గుర్తుపడతారని తేల్చుకుని మిగతాదంతా వదిలేశాను.

ఇక దీపం ఆకారం. గోపురంలా గుండ్రంగా ఉండే షేడ్ చేయాలంటే కింద అచ్చు కావాలి, ముక్కలు చాలా చిన్నవిగా ఉండాలి. మొదటిసారి చేసేవారు ఆ జోలికి పోకుండా చదునైన పలకలను చుట్టూ నిలబెట్టి చేసే షేడ్ చేసుకోవడమే మంచిది. నేను ఆరు పలకల షేడ్ ఎంచుకున్నాను. కింద అంచు ఒక షడ్భుజి, పై అంచు చిన్న షడ్భుజి, రెండింటినీ కలిపే ఒక్కో పలక ఒక సమలంబ చతుర్భుజం. క్రమ షడ్భుజిలో భుజం పొడవు, కేంద్రం నుంచి మూలకు ఉండే దూరం సమానం కాబట్టి లెక్క తేలిక. కింద మూల నుంచి ఎదురు మూలకు 36 సెంటీమీటర్లు కావాలంటే పలక అడుగు 18 సెంటీమీటర్లు. పైన 8 సెంటీమీటర్లు కావాలంటే పలక తల 4 సెంటీమీటర్లు.

పలక ఎత్తు దగ్గరే జాగ్రత్త కావాలి. నిలబెట్టిన షేడ్ ఎత్తు 18 సెంటీమీటర్లు ఉండాలంటే పలక ఎత్తు 18 కాదు, ఎందుకంటే పలక వాలి ఉంటుంది. కేంద్రం నుంచి భుజం మధ్యబిందువుకు ఉండే దూరం కింద 15.6, పైన 3.5 సెంటీమీటర్లు, తేడా సుమారు 12.1. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 18 వర్గానికి 12.1 వర్గాన్ని కలిపి వర్గమూలం తీస్తే 21.7 వస్తుంది, పలక గీయవలసింది ఆ ఎత్తుకు. 18 సెంటీమీటర్ల పలకే గీసుకుంటే షేడ్ నిలువు ఎత్తు 13 పైచిలుకుకు పడిపోయి, పళ్ళెం బోర్లించినట్టు చదునుగా ఉంటుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ లెక్క ఇచ్చాను. పుస్తకంలోని నిచ్చెన, గోడ లెక్కల కన్నా దీన్ని ఉత్సాహంగా చేశారు.

పాత క్యాలెండరు అట్టలతో ఆరు పలకలు కోసి, టేపుతో అంటించి, దీపం ఉంచబోయే బల్ల మీద నిలబెట్టి చూశాను. కుర్చీలో కూర్చున్నవారి కంటికి షేడ్ కింది సగమే ఎదురుగా కనిపిస్తుందనీ, పై భాగం వాలి పోతుందనీ అప్పుడు స్పష్టంగా తెలిసింది. కాబట్టి పూలు, ఆకులు పలక కింది మూడింట రెండు వంతుల్లోనే ఉండాలనీ, పైన ఆకాశం కోసం పెద్ద ముక్కలు చాలుననీ నిర్ణయించుకున్నాను. భోజనాల బల్ల పైన వేలాడే దీపమైతే లెక్క మారుతుంది. దాన్ని కింది నుంచి చూస్తారు కాబట్టి అంచుకు ఇంకా ప్రాధాన్యం వస్తుంది.

ఆ తర్వాత అసలు గీయడం. కాగితం మీద బొమ్మ గీసేవారికి గీత ఎక్కడైనా ఆగవచ్చు, ఆకు ఈనె సన్నబడి మధ్యలో మాయమైపోవచ్చు. అద్దంలో ప్రతి గీతా రెండు ముక్కల మధ్య సందు. అందుకని గీత అంచులో గాని, మరో గీతలో గాని పుట్టి, మరో గీతలోనో అంచులోనో కలవాలి. ఈ నియమాన్ని నాకన్నా ముందు మా అత్తయ్యగారు పట్టుకున్నారు. ఆమె నర్సాపురం లేసు అల్లిక చిన్నప్పటి నుంచి చేసినవారు. నా కాగితం చేతిలోకి తీసుకుని, వేలితో ఒక గీత వెంట పోయి, "ఇది ఎక్కడ కలిసిందమ్మాయ్? పోగు వేలాడితే అల్లిక నిలవదు" అన్నారు. ఆకు ఈనెలన్నీ ఆ రోజే చెరిపేశాను. అప్పటి నుంచి కొత్త బొమ్మ గీసినప్పుడల్లా ముందు ఆమెకే చూపిస్తున్నాను.

గీత కలిస్తే సరిపోదు, ఆ ముక్కను కోయగలగాలి. కట్టర్‌తో గీటు పెట్టి విరిచినప్పుడు పగులు అద్దం ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పోతుంది, మధ్యలో మలుపు తిరగదు. బయటికి ఉబ్బిన వంపు తేలిక, లోపలికి వంగిన వంపు కష్టం, లోపలికి చొచ్చుకుపోయే మూల అయితే చేతి కట్టర్‌తో కోయడం కుదరదు. గుర్రపుడెక్క పువ్వులో ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. రెండు రేకుల మధ్య ఉండే సందులోకి వెనకనున్న నీటి రంగు అద్దం మొనలా దూరాలి. ఆ మొన బాగా సన్నగా ఉంటే విరిచేటప్పుడు ఊడిపోతుంది. ఒకే పెద్ద ముక్కకు అలాంటి మొనలు రెండుంటే వాటి నడుమ లోతైన గొయ్యి కోయవలసి వస్తుంది. దీనికి పరిష్కారం ప్రతి రేకు కొస నుంచి ఒక గీతను బయటికి లాగి, వెనకనున్న పెద్ద ముక్కను చిన్న ముక్కలుగా విడగొట్టడం. అవసరం కోసం వేసిన ఈ గీతలు చూసేవారికి అవసరం కోసం వేసినట్టు కనిపించకూడదు. వాటిలో కొన్నింటిని పక్క మొక్క కాడలుగా, కొన్నింటిని నీటి అలలుగా మలిచాను. నాకు ఈ పని మొత్తంలో ఎక్కువ ఆనందం కలిగించింది ఇదే.

బలం సంగతి కూడా గీతల్లోనే ఉంది. పలకకు అడ్డంగా ఒక అంచు నుంచి రెండో అంచు దాకా తిన్నగా పోయే గీత ఉంటే, పలక ఆ గీత దగ్గర మడత పడాలని చూస్తుంది. నీటి మట్టాన్ని సూచించే గీత నా మొదటి చిత్తులో సహజంగానే అలా వచ్చింది. దాన్ని ఆకులతో రెండు చోట్ల తెంచి, ఆకు సగం నీటికి పైన, సగం కింద ఉండేట్టు మార్చడంతో అతుకులు మెట్లు మెట్లుగా పడ్డాయి.

ఆరు పలకలూ ఒకేలా ఉండాలా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. ఒక పలక, దాని పక్కన తిరగేసిన అదే పలక పెడితే అంచుల దగ్గర గీతలు వాటంతట అవే కలిసిపోతాయి. లెక్కల టీచరుకు ఆ ఉపాయం వెంటనే తడుతుంది. కాని అలా చేస్తే అతుకు దగ్గర రెండు సగం ఆకులు కలిసి ముగ్గులోని పూరేకులా కనిపించాయి. నీటి మీద పెరిగే మొక్క అంత పొందికగా పెరగదు. అందుకని రెండు రకాల పలకలు గీశాను. ఒకదానిలో విచ్చుకున్న పూలగుత్తి, రెండోదానిలో మొగ్గ, ఆకులు. రెండింటి అంచుల మీదా అడుగు నుంచి 3, 7, 12.5 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టుకుని, అంచును తాకే ప్రతి గీతా ఈ గుర్తుల్లో ఏదో ఒకదాని దగ్గరే తాకేలా చూశాను. ఇలా చేస్తే పలకలను ఏ వరుసలో పెట్టినా నీరు చుట్టూ పారుతూనే ఉంటుంది. పూల పలకకు 24 ముక్కలు, మొగ్గ పలకకు 19. మూడేసి పలకలకు మొత్తం 129.

పైరేకులోని పసుపు బొట్టు సంగతి విడిగా చెప్పాలి. సోల్డరు అద్దానికి అంటదు కాబట్టి ప్రతి ముక్క అంచుకూ ముందు రాగి టేపు చుట్టాలి. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం అంచుకు సుమారు 5.5 మిల్లీమీటర్ల రాగి టేపు చుడితే, ముందువైపు సుమారు 1.25 మిల్లీమీటర్ల చొప్పున చుట్టూ కప్పేస్తుంది. అంటే 8 మిల్లీమీటర్ల ముక్క పెడితే కనిపించేది 5.5 మాత్రమే. అసలు పువ్వు కొలతలో బొట్టు పెడితే రాగే మిగులుతుంది, పసుపు కనిపించదు. కాబట్టి బొట్టును ఉండవలసినదాని కన్నా పెద్దదిగా, కంటి ఆకారంలో కోసి, దాని రెండు కొసల నుంచి రేకు అంచులకు గీతలు లాగాను. నీలం మచ్చకు వేరే ముక్క పెట్టలేదు. ఊదాలో ముదురు నీలం చారలున్న అద్దాన్ని వెతికి, చార ఆ రేకు మీదే పడేట్టు కోశాను.

రంగుల ఎంపికలో నేను నేర్చుకున్నది ఒక్కటే, కాని చాలా ముఖ్యమైనది: కిటికీకి ఆనించి చూసిన అద్దం వేరు, బల్బు ముందు పెట్టి చూసిన అద్దం వేరు. భీమవరంలో అద్దాల కొట్టుకు వెళితే కొట్టాయన, "ఆయ్, ఊదారంగా? ఇక్కడ ఎవరు కొంటారండీ టీచరు గారూ! బ్రౌను, నీలం ఉన్నాయండి" అన్నాడు. చివరికి ఆన్‌లైన్‌లో చిన్న చిన్న నమూనా ముక్కలు తెప్పించుకున్నాను. అమ్మేవారు అద్దాలను పగటి వెలుగులో ఫొటో తీస్తారు. ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ, కాబట్టి ఊదారంగు ధగధగలాడుతుంది. ఇంట్లో దీపాలకు వాడే 2700 కెల్విన్ (బల్బు వెలుగు రంగును చెప్పే కొలత) వార్మ్ వైట్ బల్బులో నీలం తక్కువ, దాని ముందు అదే ముక్క బూడిదరంగు కలిసిన గులాబీలా మందగించిపోతుంది. 6500 కెల్విన్ తెల్లటి బల్బు పెడితే ఊదా బాగుంటుంది గాని పసుపు బొట్టు పాలిపోతుంది, గది కూడా ఆఫీసులా ఉంటుంది. 4000 కెల్విన్ బల్బుతో రెండూ సర్దుకున్నాయి. ఎరుపు, తేనెరంగు ప్రధానంగా ఉండే బొమ్మకైతే వార్మ్ వైట్‌ను మించింది లేదు.

బల్బు రంగుతో పాటు దాని రూపం కూడా చూసుకోవాలి. మామూలు ఎల్‌ఈడీ బల్బుకు సగం ప్లాస్టిక్ తొడుగే ఉంటుంది, వెలుగు ముందువైపుకే ఎక్కువ పోతుంది. బల్ల మీది దీపంలో బల్బు నిలువుగా ఉంటుంది కాబట్టి, నేను ఇంత శ్రమపడి పూలు పెట్టిన కింది భాగమే చీకటిగా ఉంటుంది. పాతకాలపు బల్బులా గాజు బుడ్డిలో తీగలు కనిపించే ఫిలమెంట్ ఎల్‌ఈడీ నాలుగు పక్కలకూ వెలుగిస్తుంది. అది నేరుగా కనిపించకుండా ఉండాలంటే వెనకనున్న నీరు, ఆకాశం ముక్కలకు పారదర్శకమైన అద్దం పనికిరాదు. పాలు కలిపినట్టుండే ఓపలెసెంట్ అద్దమే వాడాలి. ఆకులకు కూడా రెండు మూడు పచ్చలు కలిసిన చారల అద్దం తీసుకుని, చారలు ఆకు గుండ్రన వెంట తిరిగేట్టు, ఒక్కో ముక్క ఆకారంలో కోసుకున్న నమూనా కాగితాలను అద్దం మీద తిప్పి తిప్పి పెట్టాను. ఈనెలు చెరిపేసిన లోటు దీనితో తీరింది.

కోత, అతుకు గురించి క్లుప్తంగా చెబుతాను. రాగి టేపుకు చోటు ఉండాలంటే ముక్కల మధ్య ఒక మిల్లీమీటరు లోపు సందు కావాలి. దీనికి, నమూనా కాగితాన్ని కోసేటప్పుడే మధ్యలో సన్నటి పట్టీని తీసేసే మూడు అలుగుల కత్తెర దొరుకుతుంది. అది లేకపోయినా గీతలను మందపాటి పెన్నుతో గీసి, ఆ నల్లటి గీతను పూర్తిగా తీసేస్తూ కాగితాన్ని కోస్తే సరిపోతుంది. సోల్డరు తగరం 60, సీసం 40 పాళ్ళది వాడాను. అది 183 నుంచి 190 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. రేడియో బాగుచేసేవారి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఈ పనికి చాలదు, 80 నుంచి 100 వాట్లది కావాలి. సీసం ఉన్న పని కాబట్టి ఆ బల్ల మీద టీ గ్లాసు కూడా పెట్టనివ్వను. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పొగ కిటికీలోంచి బయటికి పోయేట్టు ఫ్యాను పెట్టుకోవాలి.

డెల్టా వాతావరణానికి సంబంధించిన సంగతి ఒకటి ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. వానాకాలంలో ఇక్కడి గాలిలో తడి ఎక్కువ, సముద్రం దగ్గర, కాబట్టి చుట్టిన రాగి టేపు చూస్తుండగానే నల్లబడుతుంది. నల్లబడిన రాగి మీద సోల్డరు పారదు. ఒకేసారి అన్ని ముక్కలకూ టేపు చుట్టి కూర్చోకుండా, ఒక్కో పలకకు చుట్టి, ఆ పలకను వెంటనే సోల్డరు చేసేయడం మంచిది. ఈలోగా ఎవరైనా వస్తే ముక్కల్ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టాలి. గీతలు నల్లగా ఉండాలని పూసే మందు, సోల్డరింగ్‌కు పూసే ఫ్లక్స్ అతుకుల్లో మిగిలిపోతే చెమ్మకు తెల్లటి పొడి పూస్తుంది. వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మైనం పూశాక ఆ బెడద లేదు.

ఆరు పలకలు పూర్తయ్యాక వాటిని నేల మీద విసనకర్రలా పక్కపక్కనే పరిచి, పైనుంచి టేపులు వేసి, ఇద్దరం చెరో వైపూ పట్టుకుని లేపితే షేడ్ ఆకారం వచ్చేసింది. గణితం సరిగా ఉంటే చివరి అతుకు దగ్గర లాగి కలపవలసిన పని ఉండదు. అద్దమే కిలో దాటుతుంది, సోల్డరు బరువు దానికి అదనం, ఆ మొత్తాన్నీ మోసేది పైనుండే ఇత్తడి మూత. దీన్ని ఇత్తడి పనికి పేరున్న అజ్జరంలో చేయించాను. 9 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో గొట్టం దూరే రంధ్రం, వేడి పోవడానికి చుట్టూ చిన్న రంధ్రాలు అని కాగితం మీద గీసి ఇచ్చాను. మెరుపు కోసం లక్క పూత వేయవద్దని ప్రత్యేకంగా చెప్పాలి, పూత ఉంటే సోల్డరు అంటదు. కింది అంచు చుట్టూ తగరం పూసిన రాగి తీగ వేసి, ఆరు నిలువు అతుకుల లోపలి వైపు కూడా మూత దాకా అదే తీగ నడిపాను. దిమ్మె కోసం మా అత్తయ్యగారి పాత ఇత్తడి సెమ్మెను అడిగాను గాని, దానికి రంధ్రం పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. వడ్రంగి చేత అడుగు బరువుగా ఉండే టేకు దిమ్మె చేయించాను.

నమూనా కాగితాల మీద ముక్క సంఖ్య, రంగు, చార దిక్కు రాసి, అసలు బొమ్మతో కలిపి ఒక కవరులో భద్రంగా ఉంచుకోవాలి. రేపు ఒక ఆకు పగిలితే చుట్టూ సోల్డరు కరిగించి ఆ ఒక్క ముక్కనే మార్చవచ్చు, కాని దానికి సరిపోయే కాగితం ఉండాలి. అదే అద్దం మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి ఊదా, ఆకుపచ్చ అద్దాల మిగులు ముక్కలను కూడా ఆ కవరుతో పాటే పెట్టాను.